జపంలో ఉన్నారు, కదపకండి

బాదంపప్పు ప్రశ్న

మొన్న కాలిఫోర్నియాలో, మా శాన్ రామన్‌లో మనవాళ్ళ సంఘం హాల్లో ‘బ్రెయిన్ హెల్త్’ మీద మాట్లాడమని నన్ను పిలిచారు. జీవితమంతా న్యూరాలజిస్టుగా పనిచేసి రిటైరైనదాన్ని కదా, మూర్ఛ గురించి నాలుగు మాటలు చెబుదామని సిద్ధమై వెళ్ళాను. మొదటి ప్రశ్న, బాదంపప్పు నానబెట్టి తినాలా, అలాగే తినాలా? రెండోది, జ్ఞాపకశక్తికి పసుపు పాలు పొద్దున మంచివా, సాయంత్రం మంచివా? మూర్ఛ మాట ఎత్తగానే ముందు వరసలో ఒకావిడ “శుభమా అని కలుసుకుంటే ఇప్పుడా మాటలెందుకండీ” అంది. నేను వచ్చిందే ఆ మాటలు చెప్పడానికమ్మా అన్నాను. వెంటనే కాఫీ బ్రేక్ ఇచ్చేశారు.

కాఫీ దగ్గర సాహితి పట్టుకుంది. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, మా స్నేహితురాలి కూతురు. త్వరలో న్యూరాలజీలో రెసిడెన్సీ మొదలుపెట్టబోతోంది. “ఆంటీ, మీ టైమ్‌లో ఎమ్మారై కూడా లేదు కదా. మరి ఎపిలెప్సీ ఎలా డయాగ్నోస్ చేశారు మీరు? జస్ట్... అడిగేవాళ్ళా?” అంది, చాలా జాలిగా.

అవునమ్మా, అడిగేవాళ్ళమే. అడిగితే ఎవడైనా నిజం చెబితేగా! ఆ బాధంతా ఇంటికొచ్చి రాయడం మొదలుపెట్టాను. ఇది సాహితికీ, ఆమెలా ఈ పనిలోకి వస్తున్న పిల్లలకీ. ప్రమోషన్లూ శాలువాలూ ఇందులో ఉండవు.

మా బాసు, ఆయన చెక్కలు

డెబ్భైల చివర్లో న్యూజెర్సీలో నేను చేరిన ఆసుపత్రిలో మా బాసు డాక్టర్ కాల్డ్‌వెల్. తెలివైనవాడు, అంతకు మించి మొండివాడు. ఫిట్స్ పేషెంటు ఉన్న ప్రతి మంచం తలవైపు గోడకీ, గుడ్డ చుట్టిన చెక్క ఒకటి టేపుతో అంటించి ఉండాలి. ఫిట్ రాగానే నర్సు పరిగెత్తుకొచ్చి దాన్ని పళ్ళ మధ్య దూర్చాలి. లేకపోతే మనిషి నాలుక మింగేస్తాడట! మింగడానికి అదేమన్నా ఇడ్లీ ముక్కా? నోట్లో అతుక్కుని ఉన్న నాలుకని ఎవడు మింగగలడు, నా తలకాయ!

మా కాకినాడ వైపు ఊళ్ళలో ఫిట్ వస్తే చేతిలో తాళాల గుత్తి పెడతారని, ఉల్లిపాయ వాసన చూపిస్తారని చెబితే ఆయన పడీ పడీ నవ్వాడు. “మా తాళాలే నయం సార్, పళ్ళు ఊడవు” అన్నాను. ఆయనకి కోపం వచ్చింది. “కాకినాడలో ఏం చేస్తారో నాకు అనవసరం” అన్నాడు. కొన్నాళ్ళకి ఒక ముసలాయన ముందు పన్ను ఆ చెక్క వల్లే విరిగి గొంతుకి అడ్డం పడి, అందరం నానా హైరానా పడ్డాం. తరవాతి సోమవారం వచ్చి చూస్తే గోడల మీద చెక్కలన్నీ మాయం.

ఇది రాస్తున్నది ఎందుకంటే, ఈ రోజుకీ మనుషులు అదే పని చేస్తున్నారు. చెంచాలు దూరుస్తారు, పర్సులు దూరుస్తారు, నీళ్ళు పోస్తారు. బాబూ, దండం పెడతాను. మనిషిని పక్కకి తిప్పి పడుకోబెట్టండి. తల కింద మెత్తటిదేదైనా పెట్టండి. గట్టిగా అదిమి పట్టుకోకండి, నోట్లో ఏమీ పెట్టకండి. గడియారం చూడండి. ఐదు నిమిషాలైనా ఆగకపోతే అంబులెన్స్ పిలవండి. ఇంతే, దీనికి డాక్టరు అక్కర్లేదు.

కాల్డ్‌వెల్ నేర్పిన మాట మాత్రం ఒకటి ఉంది. నేను ఒక పేషెంటుని “ఫిట్ వచ్చినప్పుడు ఎలా ఉంటుంది” అని వివరంగా అడుగుతుంటే పక్కకి పిలిచాడు. “అతన్ని అడిగి లాభం లేదు. ఆ నిమిషంలో ఆ గదిలో లేనిది అతనొక్కడే. పక్కన ఉన్నవాళ్ళని అడుగు” అన్నాడు. చెక్కల సంగతి ఎలా ఉన్నా, ఈ ఒక్క మాటకి ఆయనకి రుణపడి ఉన్నాను. కాకపోతే పక్కన ఉన్నవాళ్ళు మన తెలుగువాళ్ళయితే ఏం చెయ్యాలో ఆయన చెప్పలేదు.

పరమాన్నం గరిటె

ఫిట్స్ అంటే కిందపడి కాళ్ళూ చేతులూ కొట్టుకోవడమే అనుకుంటారు అందరూ. కాదు. మెదడులో ఏదో ఒక మూల కరెంటు గాడి తప్పితే, మనిషి కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉంటాడు. కళ్ళు తెరిచే ఉంటాయి. పెదాలు కదులుతాయి, గుటకలు వేస్తాడు, వేళ్ళు బట్టనో గుండీనో నలుపుతుంటాయి. పిలిస్తే పలకడు. ఒకటి రెండు నిమిషాల్లో తేరుకుని “ఏమిటీ, ఏదో అంటున్నారు?” అంటాడు. జరిగింది అతనికి తెలియదు.

ఇప్పుడు విశ్వనాథం గారి సంగతి. పేర్లు మార్చాను, తక్కినదంతా జరిగినట్టే రాస్తున్నాను. 1979 వేసవి. పెట్రోలు కోసం కార్లు బంకుల చుట్టూ బారులు తీరిన రోజులు. న్యూజెర్సీలోనే పార్సిప్పనీ అనే ఊళ్ళో అపార్ట్‌మెంట్లలో అప్పటికి మన కుటుంబాలు వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని. ఆయన కెమికల్ ఇంజనీరు, నలభై లోపు మనిషి. సెకండ్ హ్యాండ్‌లో కొన్న పెద్ద స్టేషన్ వ్యాగన్ కారు ఉండేది. ఆయన కంపెనీలోనే ఇంజనీర్లుగా పనిచేసే యాదగిరినీ, శర్మ గారినీ రోజూ అందులో ఎక్కించుకుని హైవే మీద ఆఫీసుకి తీసుకెళ్ళేవారు. వాళ్ళిద్దరికీ కారూ లేదు, లైసెన్సూ లేదు. విశ్వనాథం గారి భార్య శ్యామలకీ డ్రైవింగ్ రాదు.

ఒక ఆదివారం వాళ్ళింట్లో భజన. నన్నూ మావారినీ పిలిచారు. భజన అయ్యాక విశ్వనాథం గారే వడ్డిస్తున్నారు. పరమాన్నం గిన్నె ఎడమ చేతిలో, గరిటె కుడి చేతిలో. నా దాకా వచ్చి ఆగిపోయారు. కళ్ళు గోడ మీద నిలిచిపోయాయి. పెదాలు చప్పరిస్తున్నట్టు కదులుతున్నాయి, గుటకలు పడుతున్నాయి. గిన్నె ఒరిగి పొగలు కక్కే పరమాన్నం మణికట్టు మీద పడుతోంది. మనిషిలో చలనం లేదు.

“విశ్వనాథం గారూ!” అని అరిచాను.

శ్యామల గబగబా వచ్చి గిన్నె అందుకుని, వేలు పెదాల మీద పెట్టుకుంది. “ష్... జపంలో ఉన్నారండీ. కదపకండి.”

“చెయ్యి కాలిపోతోందమ్మా!”

“ఆయనకి తెలియదు. అంత నిష్ఠ. ఎక్కడున్నా అంతే, రామనామం లోపలికి లాగేస్తుంది ఆయన్ని.”

హాల్లో అందరూ భక్తిగా నిశ్శబ్దం అయిపోయారు. ఒకాయన చేతులు కూడా జోడించాడు. ఖర్మ! కాసేపటికి విశ్వనాథం గారు కళ్ళు నులుముకుని, చెయ్యి వంక వింతగా చూసుకుని “ఎవరు పోశారిది?” అన్నారు. అందరూ ముసిముసిగా నవ్వారు.

నేను శ్యామలని వంటింట్లోకి తీసుకెళ్ళి, ఇది ఫిట్స్‌లా ఉంది, ఆసుపత్రికి తీసుకురండి అన్నాను. ఆ పిల్ల మొహం ఎర్రబడింది. “మా అత్తగారు చెప్పేవారు, కాలేజీ రోజుల నించీ అంతేనట. దేవుణ్ణి తలుచుకుంటే కూడా రోగమేనా డాక్టరు గారూ మీకు?” అంది. దేవుడితో నాకు పేచీ లేదమ్మా, ఆయన కారు నడుపుతున్నారు, అదీ నా భయం అన్నాను. “మావారు ఇంతవరకూ చిన్న గీత కూడా పడనివ్వలేదు” అని విసురుగా వెళ్ళిపోయింది.

నూనె తల

కాలిన చెయ్యి పుండు పడితే చివరికి మా ఆసుపత్రికి వచ్చారు. ఈఈజీ తీయించమన్నాను. తల మీద తీగలు అంటించి మెదడులో కరెంటుని కాగితం మీద గీతలుగా గీసే పరీక్ష అది. అప్పట్లో సిరా కలాలు గరగరా గీస్తుంటే కాగితం కట్టలు కట్టలుగా బయటికి వచ్చేది. టెక్నీషియన్ నన్ను కోపంగా పిలిచింది. వెళ్ళి చూద్దును కదా, విశ్వనాథం గారి తల నిండా కొబ్బరినూనె! చెవుల మీదికి కారుతోంది. ఒక్క తీగ అంటుకోవడం లేదు.

“తలకి కరెంటు పెడతారట కదండీ. మాడు మండకుండా బాగా పట్టించాను” అంది శ్యామల.

కరెంటు మేం పెట్టం తల్లీ, ఆయనది మేం చూస్తాం అని చెప్పేసరికి నాకు నీరసం వచ్చింది. ఆయన్ని సింకు దగ్గర వంచి షాంపూతో తల రుద్దించాను. ఇంత చేస్తే ఆ రోజు గీతలన్నీ చక్కగా ఉన్నాయి. ఫిట్‌కీ ఫిట్‌కీ మధ్య గీతలు మామూలుగా ఉండటం మామూలే, దానివల్ల జబ్బు లేదని తేలదు అని చిలక్కి చెప్పినట్టు చెప్పాను. ఎవరు విన్నారు? రిపోర్టు నార్మల్ అని సత్యనారాయణ వ్రతం పెట్టుకున్నారు! నన్నూ పిలిచారు!

వెళ్ళాను. పంతులుగా శర్మ గారే కూర్చున్నారు. కథ మధ్యలో విశ్వనాథం గారి పెదాలు మళ్ళీ కదిలాయి, వేళ్ళు ఉత్తరీయం కొసని నలపడం మొదలుపెట్టాయి. శర్మ గారు పుస్తకం మూసి, భక్తిగా ఆగి, ఆయన తేరుకున్నాక ఆపిన చోటినుంచి మళ్ళీ అందుకున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. తీర్థం పుచ్చుకుంటూనే చెప్పాను, ఈసారి రాత్రంతా మెలకువగా ఉంచి తీసుకురండి, నిద్ర లేకపోతే ఆ గీతలు బయటపడతాయి అని. తీసుకొచ్చారు. కళ్ళు చూస్తే తాజాగా ఉన్నాయి. “పాపం, తూలిపోతున్నారని ఓ నాలుగు గంటలు పడుకోబెట్టానండీ” అంది శ్యామల. పాపం అనే మాట వల్ల మనవాళ్ళకి జరిగిన నష్టం ఇంతా అంతా కాదు. తిప్పి పంపించి, ఇంకోసారి రప్పించాను. ఈసారి మేలుకునే వచ్చారు. ఎడమ కణత దగ్గర గీతలు సూదిమొనల్లా లేచాయి.

కాల్డ్‌వెల్ కాగితం చూసి ఒక్కటే అడిగాడు. “డ్రైవ్ చేస్తాడా?”

సాక్షులు

న్యూజెర్సీ చట్టం ప్రకారం ఇలాంటివాళ్ళ సంగతి డాక్టరే మోటారు వాహనాల ఆఫీసుకి తెలియజెయ్యాలి. లైసెన్సు ఆగిపోతుంది. ఆ సంగతి చెప్పాను. విశ్వనాథం గారు మెల్లగా అన్నారు. “డాక్టరు గారూ, కంపెనీ నాకు గ్రీన్ కార్డ్ ఫైల్ చేసింది. ఆఫీసుకి బస్సు లేదు. కారు ఆగితే జాబ్ ఆగుతుంది, జాబ్ ఆగితే వీసా ఆగుతుంది. మేం వెనక్కి పోవాలి. రోజూ పక్కన కూర్చునేవాళ్ళనే తీసుకొస్తాను, వాళ్ళని అడగండి. కారులో నాకేనాడూ ఏమీ కాలేదు. వాళ్ళు అయిందంటే సంతకం పెట్టండి, నేను నోరెత్తను.”

న్యాయమైన మాటే. కాల్డ్‌వెల్ చెప్పిందీ అదే కదా. మర్నాడు సాయంత్రం రమ్మన్నాను. శ్యామలతో కలిపి నలుగురూ ఆ వ్యాగన్‌లోనే వచ్చారు. ఎవరు నడిపారో వేరే చెప్పాలా? కిటికీలోంచి చూసి పళ్ళు నూరుకున్నాను.

శర్మ గారు ముందు మాట్లాడారు. “యాక్సిడెంట్ అన్నదే లేదండీ. అంత నిదానమైన డ్రైవర్ని నేను చూడలేదు.”

“కారులో జపం చేస్తారా?”

శర్మ గారు నేల చూపులు చూశారు. “వెనక సీట్లో నాకు సరిగా కనపడదండీ” అన్నారు.

యాదగిరి వైపు తిరిగాను. వరంగల్ కుర్రాడు, పాతికేళ్ళుంటాయేమో. భోళా మనిషి. “నువ్వు ముందు సీట్లో కూర్చుంటావు కదూ. నువ్వు చెప్పు నాయనా.”

“చేస్తడు మేడం. గని ఏం ఫికర్ లేదు, నేను పట్టుకుంట గద.”

“ఏం పట్టుకుంటావు?”

“స్టీరింగ్.”

యాదగిరి నాకు ధైర్యం చెబుతున్నట్టు నవ్వుతూ, ఎడమ చెయ్యి చాచి గాల్లో పట్టి చూపించాడు. “అన్న జపంల పడంగనే నేను గిట్ల పట్టుకుంట. లైన్ల నుంచి అస్సలు పోనియ్య. ఒక్క నిమిషంల మల్ల వస్తడు. అలవాటైపోయింది మేడం.”

“కాలు సంగతో?”

“పెడల్ మీద అన్న కాలే ఉంటది. స్పీడ్ గట్లనే పోతది.”

హైవే, పక్కన లారీలు, ఆ వేగం. నడిపేవాడు లేడు, పక్క సీటువాడు ఒక చేత్తో దారి చూపిస్తున్నాడు, వెనక సీటువాడు చూడనట్టు కూర్చున్నాడు. ముగ్గురూ ఇంజనీర్లు!

ఏదో అనబోయి విశ్వనాథం గారి మొహం చూసి ఆగాను. ఆయన యాదగిరి వైపే చూస్తున్నారు.

“ఏ స్టీరింగ్ రా?” అన్నారు.

అప్పుడు తెలిసింది నాకు. ఆయనకి తెలియదు. ఇంట్లో భార్యకి తెలుసు, కారులో స్నేహితులకి తెలుసు, భజనకి వచ్చిన ఊరందరికీ తెలుసు. ఆయనకి ఎవరూ చెప్పలేదు. జపంలో ఉన్నావు అన్నారు, కాబోలు అనుకున్నారు.

“నాకెందుకు చెప్పలేదు?”

యాదగిరి నవ్వు పోయింది. “చెప్తే నువ్వు కార్ బంద్ చేస్తవ్ కదన్నా” అన్నాడు చిన్నగా. “మల్ల మేమెట్ల పోవాలె?”

“శ్యామలా, నీకు తెలుసా?”

శ్యామల ఏడుస్తోంది. “స్టీరింగ్ సంగతి తెలియదండీ. ఒట్టు. జపం... జపం అనే అనుకున్నాను.”

“మొన్న శనివారం నువ్వు కూడా ఉన్నావు కదే కారులో” అన్నారాయన. జేబులోంచి కారు తాళాలు తీసి నా బల్ల మీద పెట్టారు. “రాసెయ్యండి డాక్టరు గారూ” అన్నారు.

రాశాను.

తరవాత ఏమైందో ముందే చెప్పేస్తాను, లేకపోతే మీ మనసు దాని మీదే ఉంటుంది. మందు పనిచేసింది. శనివారం ఉపవాసమని మాత్రలు కూడా మానేస్తున్నారని తెలిసి ఒకసారి గట్టిగా తిట్టాల్సి వచ్చింది, అంతే. శ్యామల డ్రైవింగ్ నేర్చుకుంది. రెండుసార్లు టెస్ట్ ఫెయిలైంది, మూడోసారి పాసైంది. అప్పటిదాకా ఆ ముగ్గురూ కంపెనీలో ఇంకెవరినో బతిమాలుకుని వెళ్ళారు. తరవాత ఏళ్ళ తరబడి ఆ ముగ్గురినీ ఆఫీసులో దింపింది శ్యామలే. గ్రీన్ కార్డ్ వచ్చింది. విశ్వనాథం గారు ఇప్పుడు నిజంగానే జపం చేస్తారు, పైకి వినపడేలా, ఎందుకంటే మనసులో చేస్తే ఫిట్ అనుకుని శ్యామల కారు పక్కకి తీసి ఆపేస్తుంది. అందరికీ ఇంత బాగా జరగలేదు. మందుకి లొంగని మూర్ఛలు అప్పుడూ ఉన్నాయి, ఇప్పుడూ ఉన్నాయి. ఎనభైల్లో ఎమ్మారై వచ్చింది, వీడియో పెట్టి రోజుల తరబడి చూడటం వచ్చింది, ఆపరేషన్లు మెరుగయ్యాయి. ఇప్పుడు తలలో పరికరం అమర్చి ఫిట్‌ని మొదట్లోనే ఆపే ప్రయత్నాలూ జరుగుతున్నాయి. సంతోషమే. కానీ సాహితీ, నీ యంత్రం దగ్గరికి ఆ మనిషి రావాలంటే ముందు ఇంట్లో ఒకరు నోరు విప్పాలి. ఇప్పుడు అందరి చేతుల్లో ఫోన్లున్నాయి, ఆ నిమిషం వీడియో తీసి చూపించమని చెప్పు. డాక్టరుకే కాదు, ముందు అతనికి చూపించమను.

ఆ సాయంత్రానికి వస్తాను. తాళాలు బల్ల మీద ఉన్నాయి. నలుగురు మనుషులు, ఒక కారు, లైసెన్సున్నవాడు ఒక్కడూ లేడు. ఇక చేసేదేముంది, మావారికి ఫోన్ చేసి పార్సిప్పనీ వచ్చి నన్ను తీసుకెళ్ళమని చెప్పి, ఆ తాళాలు నేనే తీసుకున్నాను. విశ్వనాథం గారు తన కారులో వెనక సీట్లో కూర్చున్నారు. బహుశా అదే మొదటిసారి. ఆయనకి ఒక పక్క శ్యామల, ఇంకో పక్క శర్మ గారు. యాదగిరి అలవాటుగా ముందు సీట్లోకి ఎక్కాడు. హైవే మీదికి ఎక్కాక పక్కనుంచి పెద్ద లారీ ఒకటి రొద చేసుకుంటూ వచ్చింది. నేను పెదవి కొరుక్కుంటూ అద్దంలోకి చూశాను.

యాదగిరి ఎడమ చెయ్యి మెల్లగా లేచి స్టీరింగ్ మీదికి వచ్చింది.

“చెయ్యి తియ్యి నాయనా” అన్నాను. “నేను ఇక్కడే ఉన్నాను.”